దీపముతోపాటు నీరును పోయిన వారము
(2021 టెక్సాసు చలితుపాను చరిత్ర)

తుపానను మాట మన తీరప్రాంతము వారికి క్రొత్తది కాదు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనను కన్నులార చూచిన పెద్దలు నేటికిని మన మధ్య కలరు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినపుడు కరెంటు స్తంభములు నేలకొరిగి, దినములతరబడి దీపములు లేక, పంపులు నడువక, కొళాయిలు ఎండిపోయి ఆ నగరవాసులు పడిన పాట్లు అందరమును ఎరుగుదుము. ఐతే మనమెరిగిన తుపానునకు ఆయుధములు రెండే. ఒకటి గాలి, రెండవది నీరు. చలినే ఆయుధముగా ధరించి వచ్చు తుపాను మన అనుభవమునకు దూరమైనది. అట్టిది యొకటి 2021వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున అమెరికా దేశపు దక్షిణ భాగమందలి టెక్సాసు రాష్ట్రముపై పడి, కోటిమందికి పైగా ప్రజలను చీకటిలోను చలిలోను కూర్చుండబెట్టినది. గాలికి ఇండ్లు కూలలేదు, ఏరులు పొంగలేదు. ఐనను ఇండ్లలో వెలుగు లేదు, వెచ్చదనము లేదు, తుదకు త్రాగుటకు నీరును లేకపోయినది.

గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సంచికలో దూరదేశపు మంచుకథ ఎందులకని పాఠకులలో కొందరికి తోచవచ్చును. అందులకు కారణములు రెండు. మొదటిది మన పిల్లలు. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాలనుండియు, తెలంగాణమునుండియు చదువులకును ఉద్యోగములకును వెళ్లి డల్లాసు, హ్యూస్టను, ఆస్టిను నగర ప్రాంతములలో స్థిరపడిన తెలుగువారు వేలకు వేలు. ఆ వారములో ఇచ్చటి తలిదండ్రులు ఎందరో ఫోను చేత పట్టుకొని కూర్చుండిరి. అచ్చట చార్జి అయిపోయి ఫోనులు పలుకుట మానినవి. రెండవ కారణము ఈ కథలో గ్రంథములకు సంబంధించినది. దానిని సందర్భము వచ్చినపుడు చెప్పెదను.

టెక్సాసు విశాలమైన రాష్ట్రము. మన ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములు రెంటిని కలిపిన వైశాల్యమునకు రెండున్నర రెట్లుండును. 2020 జనాభా లెక్కల ప్రకారము అచ్చటి జనసంఖ్య 2 కోట్ల 91 లక్షలు. అందలి హ్యూస్టను నగరము ఇంచుమించు మన ఢిల్లీ నగరపు అక్షాంశముననే యున్నది. అమెరికా యనగానే మంచుకొండలు తలచుకొనువారికి ఇది వింతగా నుండును గాని, టెక్సాసు ప్రధానముగా ఎండల దేశము. వేసవిలో 40 డిగ్రీల ఎండ అచ్చట సామాన్యము. కావున అచ్చటి ఇండ్లు ఎండను తప్పించుకొనుటకు కట్టినవే గాని చలిని కాచుకొనుటకు కట్టినవి కావు. నీటిగొట్టములు వెలుపలి గోడలలోను, పైకప్పు క్రింది అటుకలలోను పోవుచుండును. వానికి చలినుండి కాపుదల అంతంతమాత్రము. నూటికి 60 ఇండ్ల చొప్పున విద్యుత్తుతోనే ఇల్లు వెచ్చజేసికొందురు. ఈ సంగతులు పాఠకులు గుర్తుంచుకొనవలెను. కథ అంతయు వీనిమీదనే నడచును.

ఈ విద్యుత్తు ఆ రాష్ట్రపు పల్లెలకు వచ్చి నూరేండ్లయిన కాలేదు. 1930 ప్రాంతములలో ఆస్టిను నగరమునకు పడమటనున్న గుట్టల సీమలో రైతుల ఇండ్లకు కిరసనాయిలు దీపమే గతి. ఆడువారు బావులలో నీరు చేదుకొని బకెట్లతో ఇంటికి మోయుచుండిరి. కట్టెల పొయ్యిమీద ఇనుప ఇస్త్రీపెట్టెలు కాచి బట్టలు తోముచుండిరి. పట్టణములలో విద్యుత్తు అమ్ము కంపెనీలు, మైలుకు రెండు మూడు ఇండ్లుండు పల్లెలకు తీగెలు లాగినచో లాభము రాదని ముఖము చాటువేసినవి. 1935లో అధ్యక్షుడు రూజ్వెల్టు గ్రామీణ విద్యుదీకరణ సంస్థను నెలకొల్పి, రైతులు తమంత తాము సహకార సంఘములుగా ఏర్పడినచో తీగెలు వేసికొనుటకు ఋణములిచ్చు ఏర్పాటు గావించెను. ఆ ఋణముతో వేసిన తీగెలలో మొట్టమొదట విద్యుత్తు ప్రవహించినవి టెక్సాసులోని బార్ట్‌లెట్టు ప్రాంతపు తీగెలే, అది 1936. ఆ గుట్టల సీమనుండి కేంద్ర శాసనసభకు ఎన్నికైన యువకుడు లిండన్ జాన్సను పట్టుబట్టి, 1938లో పెడెర్నాలిసు సహకార విద్యుత్సంఘము ఏర్పడుటకు తోడ్పడెను. ఈయనయే తరువాత 1963లో అమెరికా అధ్యక్షుడైనాడు. 1941లో ఇట్టి సంఘములకు విద్యుత్తును సమకూర్చి ఇచ్చుటకై బ్రాజోసు సహకార సంఘము పుట్టినది. దీని పేరు చివర మరల వచ్చును.

ఆ పల్లెలవారికి విద్యుత్తు తెచ్చిన మేళ్లలో దీపముకంటె పంపు గొప్పది. స్త్రీల వీపుమీదినుండి నీటిబరువు దిగిపోయినది. మన యూళ్లలో కరెంటు మోటారు వచ్చి ఏతమును కపిలను మూలకు నెట్టిననాటి సంతోషమును ఎరిగినవారికి దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. ఐతే ఆనాటినుండి నీరు తీగెను పట్టుకొని నడువసాగినది. బావికి చేద ఉన్నంతకాలము దీపము ఆరినను నీరు దొరికెడిది. చేద పోయి పంపు వచ్చిన తరువాత, దీపము ఆరిననాడే దాహమును మొదలగును. 1899 ఫిబ్రవరిలో టెక్సాసునకు ఇంతకు మించిన చలి వచ్చినది. ఉత్తరభాగమున టూలియా యను ఊరిలో సున్నకు దిగువ 30 డిగ్రీలు దాటినది. నాటివారు పడిన బాధ తక్కువదని నేననను. కాని వారి పొయ్యి వారి పెరటికట్టెలతో మండినది. వారి నీరు వారి బావిలో ఉన్నది.

ఇక టెక్సాసు విద్యుత్తునకుగల ఒక విశేషమును చెప్పవలెను. అమెరికా తూర్పు రాష్ట్రములన్నియు ఒక విద్యుజ్జాలముగను, పడమటి రాష్ట్రములన్నియు వేరొక జాలముగను ఏర్పడియున్నవి. టెక్సాసు మాత్రము అధికభాగము తనంత తానొక జాలము. ఇది ప్రకృతిసిద్ధము కాదు, బుద్ధిపూర్వకముగా చేసికొన్నదే. 1935లో వచ్చిన కేంద్ర విద్యుచ్చట్టము ప్రకారము, రాష్ట్రపు ఎల్ల దాటి విద్యుత్తు అమ్మువారిపై కేంద్ర ప్రభుత్వమునకు అధికారము కలిగినది. టెక్సాసు కంపెనీలు ఆ అధికారమును తప్పించుకొనుటకై తమ తీగెలను ఎల్లలోపలనే నిలిపినవి. 1976 మే 4వ తేదీన ఒక కంపెనీ పొరుగున నున్న ఓక్లహోమాకు కొన్ని గంటలపాటు విద్యుత్తు పంపగా, తక్కిన కంపెనీలు గగ్గోలుపెట్టి తీగెలు విడదీసికొనినవి. వ్యవహారము న్యాయస్థానముల వరకు పోయినది. ఈ జాలమును నడుపు సంస్థ 1970లో ఏర్పడిన ఎర్కాట్. పొరుగు జాలములతో దానికిగల సంబంధము కొలది సన్నని లంకెలు మాత్రమే.

వేరుగా నుండుట ఎల్లప్పుడును చెరుపు కాదని మన దేశపు అనుభవమే చెప్పుచున్నది. 2012 జూలై 30, 31 తేదీలలో ఉత్తర, తూర్పు, ఈశాన్య జాలములు కూలి, అరువది కోట్లమందికి పైగా నివసించు ప్రాంతము చీకటియైనపుడు, మన దక్షిణ జాలము చెక్కుచెదరలేదు. అప్పటికది తక్కిన దేశముతో పూర్తిగా ముడిపడలేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు లైనుతో ఆ ముడి పడినది. నాడు ఎడముగా నుండుటయే మనలను కాచినది. పొరుగింటి నిప్పు మన ఇంటికి రాకుండ గోడ కట్టుకొనుట మంచిదే. ఆ గోడయే మన ఇంట నిప్పు ఆరినపుడు పొరుగింటనుండి నిప్పు తెచ్చుకొనుటకు అడ్డమగును. టెక్సాసునకు జరిగినది ఈ రెండవది.

ఇప్పుడు గ్రంథముల సంగతి. 1989 డిసెంబరులో తీవ్రమైన చలి వచ్చి టెక్సాసు విద్యుత్కేంద్రములు కొన్ని గడ్డకట్టి ఆగిపోగా, కొన్ని గంటలపాటు కోతలు విధింపవలసివచ్చెను. అధికారులు విచారణ జరిపి, యంత్రములకు చలికాపుదల చేయవలెనని నివేదిక వ్రాసిరి. ఇరువదియొక్క యేండ్లు గడచినవి. 2011 ఫిబ్రవరి 2వ తేదీన మరల అదియే జరిగినది. ఈమారు 4,000 మెగావాట్ల మేర కోత విధించిరి. ముప్పది లక్షలకు పైబడిన గృహములు, దుకాణములు వంతులవారీగా చీకటి చూచినవి. కేంద్రసంస్థలు రెండు కలిసి విచారించి, ఆ యేడు ఆగస్టులో పెద్ద నివేదికను ప్రకటించినవి. ఏ గొట్టము ఎక్కడ గడ్డకట్టినది, దానికి ఏమి చుట్టవలెను, ఎచ్చట వేడి తీగె అమర్చవలెను, అన్నియు అందులో కలవు. 1989 నాటి సూచనలను పెక్కుమంది పాటింపలేదనియు అందులోనే వ్రాసిరి. కాని సిఫారసులు సిఫారసులుగానే మిగిలినవి. చేసి తీరవలెనను చట్టము రాలేదు. చేయనివారికి దండన లేదు. చలి పదేండ్లకొకసారి వచ్చునది, ఖర్చు ఈ సంవత్సరమే పెట్టవలసినది. ఏ గ్రంథాలయాధికారికైనను తెలిసిన సంగతియే యిది: పుస్తకము బీరువాలో భద్రముగా నుండును, చదువవలసినవాడు మాత్రము రాడు.

టెక్సాసు పడమటికొసనున్న ఎల్ పాసో నగరమువారు వచ్చి చదివిరి. 2011లో వారును బాధపడినవారే. తరువాత ధనము వెచ్చించి, తమ కేంద్రములను తీవ్రమైన చలికి తట్టుకొనునట్లు సరిచేసికొనిరి. వారు పడమటి జాలములోని వారగుటయు కలిసివచ్చినది. 2021లో ఆ నగరమున విద్యుత్తు పోయినవారు బహుకొద్దిమంది. అదియు కొద్ది నిమిషములే.

2021 ఫిబ్రవరి రెండవ వారమున ఉత్తర ధ్రువపు చలిగాలి దక్షిణమునకు జారివచ్చెను. 11వ తేదీ తెల్లవారుజామున ఫోర్టువర్తు నగరమున రహదారిపై మంచు పలకగా గట్టిపడగా, 130కి పైగా వాహనములు ఒకదానినొకటి గ్రుద్దుకొని ఆరుగురు మరణించిరి. అది నాంది. 14వ తేదీ నాటికి ఆ రాష్ట్రపు 254 జిల్లాలన్నిటికిని తుపాను హెచ్చరిక జారీయైనది. ఇండ్లలో హీటర్లన్నియు ఒక్కసారిగా నడువసాగగా, ఆ సాయంకాలము విద్యుత్తు వాడకము 69,000 మెగావాట్లు దాటి, శీతకాలమునకు అదివరకెన్నడు లేని ఎత్తునకు పోయినది. 16వ తేదీన డల్లాసు–ఫోర్టువర్తు ప్రాంతమున సున్నకు దిగువ 19 డిగ్రీల చలి నమోదైనది. 1949 తరువాత అచ్చట అంత చలి లేదు. సముద్రతీరమందలి హ్యూస్టనులో సైతము సున్నకు దిగువ 10 డిగ్రీలు దాటినది.

15వ తేదీ అర్ధరాత్రి దాటిన తరువాత జరిగినది తెలిసికొనదగినది. జాలములో విద్యుత్తు సెకనుకు 60 ఆవృత్తుల వేగముతో నడువవలెను; మన దేశమున 50. బరువు హెచ్చినకొలది ఎడ్ల నడక మందగించునట్లు, వాడకము హెచ్చి ఉత్పత్తి తగ్గినచో ఈ వేగము పడిపోవును. కేంద్రములు ఒకదానివెంట నొకటి ఆగిపోవుచుండగా, రాత్రి ఒంటిగంట ఇరువది నిమిషములకు కోతలు ఆరంభించిరి. ఐనను రెండుగంటలు కావచ్చుచుండగా వేగము 59.4కు దిగువకు జారి, 59.3 వరకు పోయినది. ఆ మట్టమునకు దిగువ తొమ్మిది నిమిషములు నిలిచినచో తక్కిన యంత్రములు తమను తాము కాపాడుకొనుటకై విడిపోవును. అప్పుడు జాలమంతయు కూలును. దానిని తిరిగి నిలుపుటకు వారములు పట్టవచ్చును. అది ఆ మట్టమునకు దిగువ నున్నకాలము నాలుగు నిమిషముల ఇరువదిమూడు సెకనులు. కోతలమీద కోతలు విధించి, ఎట్టకేలకు వేగమును పైకెత్తగలిగిరి. పూర్తి వినాశమునకు నాలుగున్నర నిమిషముల దూరములో ఆ రాష్ట్రము నిలిచినదని నిద్రించుచున్న ప్రజలకు తెలియదు. తెలిసినది హీటరు ఆగినదని మాత్రమే.

కేంద్రము లెందుకు ఆగినవి? గాలిమరలు గడ్డకట్టుటచేతనే ఇదంతయు వచ్చినదని కొందరు నాయకులు వెంటనే ప్రచారము చేసిరి. మరల రెక్కలపై మంచు పేరుట నిజమే. కాని తరువాత వచ్చిన కేంద్ర నివేదిక వేరు సంగతి చెప్పినది. టెక్సాసులోను ఇరుగుపొరుగు రాష్ట్రములలోను కలిపి దెబ్బతిన్న 1,045 ఉత్పత్తి యూనిట్లలో నూటికి 58 సహజవాయువుతో నడుచునవి. తీరమున నున్న అణువిద్యుత్కేంద్రములో ఒక యూనిటు, నీటి ఒత్తిడిని కొలుచు సన్నని గొట్టము గడ్డకట్టుటచే 15వ తేదీ ఉదయము ఆగిపోయినది. అణువును చీల్చు యంత్రమును వ్రేలెడు గొట్టములోని గడ్డనీరు ఆపివేసినది! చలికి ఆగిన సంఘటనలలో నూటికి 81, తాము ఇంత చలికి తట్టుకొనగలమని ఆ కేంద్రములే చెప్పుకొన్న మట్టమునకు చలి ఇంకను చేరకముందే జరిగినవని కూడ ఆ నివేదిక తేల్చినది.

వాయువు సంగతి మరియు వింతగా నున్నది. బావులనుండి వాయువుతోపాటు వచ్చు నీరు గడ్డకట్టి ఉత్పత్తి తగ్గినది. ఉన్న వాయువును గొట్టములలో నెట్టు యంత్రములలో కొన్ని విద్యుత్తుతో నడుచును. తమకు విద్యుత్తు ఆపరాదని ముందుగా దరఖాస్తు పెట్టుకొన్నచో వానిని కోతనుండి తప్పింతురు. పెక్కు వాయుసంస్థలు ఆ కాగితము నింపి ఇవ్వలేదు. కోత విధించినవారికి ఏది ఇల్లో ఏది వాయుయంత్రమో తెలియలేదు. విద్యుత్తు లేక వాయువు ఆగినది. వాయువు లేక మరికొంత విద్యుత్తు ఆగినది.

అత్యధికముగా 20,000 మెగావాట్ల కోత పడినది. నలుబదియైదు లక్షల గృహములు, దుకాణములు చీకటియైనవి. వంతులవారీగా ఆపుదురని ప్రజలనుకొనిరి. కాని ఆసుపత్రులు, అగ్నిమాపక కేంద్రములు మొదలగునవి ఉన్న తీగెలను ఆపరాదు; అవి పోగా మిగిలిన తీగెలన్నిటిని ఆపినగాని లెక్క సరిపోలేదు. ఇక వంతు ఎక్కడిది? ఒక వీథివారికి దినములతరబడి దీపము లేదు. ప్రక్క వీథివారికి ఒక్క గడియయు పోలేదు. నగరముల నడిబొడ్డున మనుష్యులులేని కార్యాలయ భవనములు రాత్రియంతయు దేదీప్యమానముగా వెలుగుచుండగా, చీకటి యిండ్లనుండి తల్లులు పిల్లలకు దుప్పట్లు కప్పుచు వానిని చూచిరి. నన్నడిగినచో, చలికంటె ఆ వెలుగులే ఎక్కువ బాధించి యుండును.

ఇక నీరు. నీరు గడ్డకట్టినపుడు నూటికి తొమ్మిదివంతులు ఉబ్బును. కాపుదలలేని గొట్టము ఆ ఉబ్బును తాళలేక పగులును. గడ్డగా నున్నంతకాలము పగులు తెలియదు. కరగిననాడు పైకప్పులనుండి జలపాతములు దుమికినవి. గొట్టములు పగులకుండుటకై కొళాయిలను సన్నని ధారగా విడిచియుంచుడని మొదట అందరును చెప్పిరి. లక్షల యిండ్లలో ధార విడువగా ఊరి ట్యాంకులలో మట్టము పడిపోయి, విడువకుడని చెప్పవలసివచ్చెను. ఒకవైపు పగిలిన గొట్టములలో నీరు పోవుచుండగా, వేరొకవైపు విద్యుత్తు లేక పంపులును శుద్ధికేంద్రములును నిలిచినవి. ఆస్టిను నగరపు ముఖ్య శుద్ధికేంద్రము 17వ తేదీన విద్యుత్తు పోయి ఆగినది. ఆ నగరమొక్కటియే పగిలిన గొట్టములవలన 32 కోట్ల గ్యాలన్లకు పైగా, అనగా 120 కోట్ల లీటర్లకు మించి నీటిని కోల్పోయినది.

గొట్టములలో ఒత్తిడి తగ్గినచో వెలుపలి మురుగు లోనికి చేరవచ్చును. అందుచే వచ్చిన కొద్దిపాటి నీటిని మరగించి త్రాగవలెనని రాష్ట్రమంతట ఉత్తరువు లిచ్చిరి. కోటి నలుబది లక్షలమంది, అనగా రాష్ట్రజనములో ఇంచుమించు సగము, ఆ ఉత్తరువులకు లోబడిరి. నీరు తెర్లునట్లు రెండు నిమిషములు కాచుడని ఆదేశము. కాచుటకు విద్యుత్తు లేదు. వాయుపొయ్యి ఉన్నవారు అగ్గిపుల్లతో వెలిగించుకొనిరి. లేనివారు ఇరుగుపొరుగును ఆశ్రయించిరి. హ్యూస్టనులో 21వ తేదీన, ఆస్టినులో 23వ తేదీన ఆ ఉత్తరువు తొలగినది. దీపములు చాలవరకు 18, 19 తేదీలకే వచ్చినవి. నీరు అంతకంటె ఆలస్యమైనది. మిసిసిపీ రాష్ట్రపు జాక్సను నగరములో ముదివడిన గొట్టములు ఎడాపెడా పగిలి, మంచి నీటికై ప్రజలు ఒక నెల వేచియుండిరి.

ఆ దినములలో జనులెట్లు కాలము గడపిరో వినిన, కొంత మనకు సుపరిచితముగను కొంత విచిత్రముగను ఉండును. ముందుచూపుగలవారు స్నానపుతొట్లనిండ నీరు పట్టియుంచిరి. లేనివారు వాకిటి మంచును గిన్నెలకెత్తి కరగించిరి. అచ్చెరువేమనగా, గంపెడు మంచు కరగిన చెంబెడు నీరే వచ్చును. మరుగుదొడ్డిలో ఒక్కసారి పోయుటకు ఎన్ని గిన్నెల మంచు కావలెనో పిల్లలు లెక్కవేసి నేర్చుకొనిరి. పెరటిలో ఈతకొలనుగల సంపన్నులు ఆ నీటిని బకెట్లతో ముంచిరి. 1930 నాటి గుట్టల సీమ స్త్రీల బకెట్లే మరల వచ్చినవన్నమాట. కుటుంబమంతయు ఒక్క గదిలో చేరి, తలుపుసందులలో తువ్వాళ్లు కుక్కి, ఉన్న దుప్పట్లన్నియు కప్పుకొనిరి. ఊపిరి పొగవలె కనబడు చలి ఇంటిలోనే. పాలు, కూరలు చెడకుండ మంచులో పాతిపెట్టిరి. ఆ ఒక్క పనికి విద్యుత్తు అవసరము లేకపోయినది. ఫోనులకు కార్లలో కూర్చుండి చార్జి చేసికొనిరి. దీపమున్న యింటికి బంధువులు, మిత్రులు పిల్లలతో తరలివచ్చుటయు, ఒక యింట రెండు మూడు కుటుంబములు చాపలు పరచుకొని పరుండుటయు జరిగినది. కరోనా కాలమగుటచే ఒకరినొకరు తాకుటకే జంకుచుండిన రోజులవి. చలి ఆ జంకును మరపించినది. మన తెలుగు కుటుంబములును ఇట్లే ఒకరికొకరు తోడైనవి.

మంచివారికి కొదవలేదు. ఆస్టిను ప్రక్కన ఒక పెద్ద దుకాణములో జనులు సరకులతో వరుసకట్టి యుండగా విద్యుత్తు పోయినది. డబ్బు పుచ్చుకొను యంత్రములు ఆగినవి. అచ్చటివారు ఎవరి బండిలోని సరకులు వారిని ఉచితముగా తీసికొనిపొండని సాగనంపిరి. హ్యూస్టనులో జనరేటరు చెడి 8,400కు పైగా కరోనా టీకామందు మోతాదులు చెడిపోవునన్న భయము కలుగగా, అధికారులు ఆ రేయింబవలు ఆసుపత్రులకును, విశ్వవిద్యాలయమునకును, కారాగారమునకును పరుగులు తీయించి పంచివేసిరి. దక్షిణపు కొసన సాగరతీరమున చలికి చేష్టలుడిగి నీటిపై తేలిన తాబేళ్లను జనులు పడవలలోను కార్లలోను మోసికొనివచ్చి, ఒక సభామందిరములో ఐదువేలవరకు వరుసగా పరుండబెట్టి బ్రదికించిరి. తమ ఇంట దీపము లేనివారును ఆ పనికి వచ్చిరట.

మరణముల లెక్క చూచినచో మనస్సు బరువెక్కును. రాష్ట్ర ఆరోగ్యశాఖ తుది లెక్క 246. వేరు పద్ధతిని లెక్కించినవారు ఇంకను ఎక్కువ చెప్పిరి. ఆ 246 మందిలో 161 మంది చలికే బలియైనవారు. ప్రపంచమున మిక్కిలి ధనవంతమైన దేశములో, చమురును వాయువును తవ్వి పోయు రాష్ట్రములో, తమ యింటి మంచముమీదనే చలికి బిగిసి మరణించిన వృద్ధులు కలరు. 19 మంది విషవాయువుచే పోయిరి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని పరుండరాదని మన పెద్దలు బాలింతరాలి గదివిషయమున చెప్పు జాగ్రత్త మనకు తెలిసినదే. ఎన్నడును కుంపటి ఎరుగని జనులకు అది ఎవరు చెప్పవలెను? మాంసము కాల్చుకొను బొగ్గుపొయ్యిలను పడకగదిలోనికి తెచ్చుకొనిరి. తలుపుమూసిన షెడ్డులో కారు నడుపుచు వెచ్చదనమునకు కూర్చుండిరి. ప్రాణవాయు యంత్రములపై నున్నవారికి విద్యుత్తు లేదు. మూత్రపిండముల వ్యాధిగ్రస్తులకు రక్తశుద్ధి చేయు కేంద్రములకు విద్యుత్తుతోపాటు ఎక్కువ నీరు కావలెను. అవి మూతబడగా రోగులు తెరచియున్న చోటు వెదకికొని తిరిగిరి. ఆస్టినులో ఒక ఆసుపత్రిలో నీటి ఒత్తిడి లేక కొందరు రోగులను వేరు ఆసుపత్రులకు తరలించిరి.

2021 జూన్ 8వ తేదీన క్రొత్త చట్టములపై గవర్నరు సంతకము చేసెను. విద్యుత్కేంద్రములు చలికాపుదల చేసి తీరవలెననియు, చేయనివారికి జరిమానా యనియు, ముఖ్య వాయుసంస్థల పేర్లు ముందుగా నమోదు కావలెననియు అందు కలదు. 1989లో వ్రాసిన మాటకు 2021లో చట్టబలము వచ్చినదన్నమాట. 2022 డిసెంబరులోను, 2024 జనవరిలోను గట్టిచలి వచ్చినను జాలము కోతలు లేకుండ నిలిచినది. 2023 ఫిబ్రవరి ఆరంభమున ఆస్టినులో మంచుబరువునకు చెట్లకొమ్మలు విరిగి తీగెలపై పడి లక్షకు పైగా ఇండ్లకు దీపములు పోయినవి. అది జాలపు తప్పు కాదు, కొమ్మలు కొట్టనివారి తప్పని కొందరి వాదము.

ధనము సంగతి చెప్పి ముగించెదను. కొరతకాలమున ధర పెరిగినచో అమ్మువారు పరుగెత్తుకొని వత్తురను సూత్రముపై ఆ రాష్ట్రపు విద్యుత్తు సంత నడుచును. సామాన్య దినములలో యూనిటుకు కొలది సెంట్లుండు టోకుధరను, ఆ వారములో యూనిటుకు 9 డాలర్ల గరిష్ఠ మట్టమున నియంత్రణాధికారులు నిలిపియుంచిరి. గడ్డకట్టిన యంత్రము ధరను చూచి కరగదు. ఐనను ధర 19వ తేదీవరకు దిగలేదు. టోకుధరకే విద్యుత్తు కొనుట చవుకయని నమ్మి చేరిన కొందరు గృహస్థులకు వేల డాలర్ల బిల్లులు వచ్చినవి. బ్రాజోసు సహకార సంఘమునకు ఏడుదినములకు వచ్చిన బిల్లు 210 కోట్ల డాలర్లు. 1941లో పల్లెలకు దీపము సమకూర్చుటకై రైతుల సంఘములు పెట్టుకొన్న ఆ సంస్థ, 2021 మార్చి 1వ తేదీన దివాలా దరఖాస్తు పెట్టినది. తరువాత ఒడంబడికలు కుదిరి, తన విద్యుత్కేంద్రములను అమ్మివేసి, ఇతరులు తీసిన విద్యుత్తును తీగెలపై మోయు సంస్థగా మాత్రము మిగిలినది.